కోయని పుటలు

చచ్చిపోయిన మనిషి జోకులేస్తే ఎలా ఉంటుందో డిటెక్టివ్‌కి ఆ మధ్యాహ్నం తెలిసొచ్చింది.

కంప్యూటర్ తెర మీద ఆమె మాటలు వరసగా ఉన్నాయి. "ఈ మహానుభావుడు మందు ఎంత ఇచ్చాడో రాశాడు, ఎవరికిచ్చాడో రాయడం మరిచిపోయాడు. తీసెయ్." దాని కింద ఇంకొకటి. "గుప్పెడు మంది పిల్లల్ని చూసి లోకమంతటికీ తీర్పు చెప్పేశాడు. ధైర్యానికి మెచ్చుకోవాలి. తీసెయ్." డిటెక్టివ్ పైకే నవ్వేశాడు. నవ్విన మరుక్షణం, ఆ మాటలు రాసిన మనిషి కుర్చీ తన పక్కనే ఖాళీగా ఉందని గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. కుర్చీ వీపుకి ఆమె ఊదారంగు స్వెట్టర్ ఇంకా వేలాడుతోంది. మోచేతుల దగ్గర సాగిపోయిన ఆ చేతులు, లోపల ఎవరో ఉన్నట్టే వంగి ఉన్నాయి. అతను తన కుర్చీని కాస్త ఇవతలికి లాక్కున్నాడు.

డిపార్టుమెంటులో అందరూ ఆమెను స్కాలరమ్మ అనేవాళ్ళు. వారం క్రితం పొద్దున్నే గది ఊడ్వడానికి వచ్చిన మనిషికి ఈ బల్ల మీదే తల వాల్చేసి కనిపించింది. ఒళ్ళు చల్లబడిపోయి ఉంది. కాఫీ కప్పులో నిద్రమాత్రల పొడి. సీసా ఆమెదే, మందుల చీటీ ఆమెదే. తెర మీద ఆమె పేరుతో ఉన్న ఆఖరి వాక్యం, "ఇక చదవాల్సింది ఏమీ మిగల్లేదు." పోలీసులకు ఇంకేం కావాలి? ఆత్మహత్య అని రాసి పారేశారు.

ఆ మాట ఒప్పుకోనిది ఒక్కతే, స్కాలరమ్మ చెల్లెలు. డిటెక్టివ్‌ని పిలిపించింది ఆవిడే.

"మా అక్క అలాంటిది కాదు సార్" అంది తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "ఇవి రోజూ చదువుకుంటున్నాను. చదువుతుంటే పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది. చావబోయే మనిషి ఇలా వేళాకోళాలు ఆడుతుందా? మీరే చెప్పండి."

"చదవమ్మా, ఇంకో రెండు చదువు" అన్నాడు కిటికీ దగ్గర కూర్చున్న పెద్దమనిషి. "నీ గొంతు వింటుంటే అచ్చం మీ అక్క గొంతు విన్నట్టే ఉంది తల్లీ."

ఆయన్ని అందరూ బాబాయ్ అంటారు. స్కాలరమ్మకి పనిలో జోడీ. ముప్ఫై ఏళ్ళుగా ఈ డిపార్టుమెంటులో చదవడమే ఆయన ఉద్యోగం. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి పిల్లాడికి పరీక్ష పోయినా ముందు ఆయన దగ్గరికే పరిగెడతారట. చెల్లెలు చదువుతుంటే తల వాల్చి, కళ్ళు మూసుకుని విన్నాడు. ఆ మొహంలో బాధ అబద్ధం అనిపించలేదు డిటెక్టివ్‌కి.

"నాబోటి మొద్దుకి అర్థమయ్యేట్టు చెప్పండి బాబాయ్‌గారూ" అన్నాడు. "ఈ ఉంచడమేంటి, తీసెయ్యడమేంటి?"

"ఏముంది నాయనా! ఆపరేషన్ ముందు పిల్లలకిచ్చే మత్తుమందు ఒకటుంది. అది మంచిదా, చెడ్డదా? దాని మీద లోకంలో ఎవరెవరు ఏం రాశారో అంతా పోగేశాం. వేలకొద్దీ వ్యాసాలు. ఒక్కోదాన్నీ ఇద్దరం చదవాలి, తనూ నేనూ. పనికొస్తే ఉంచు, లేకపోతే తీసెయ్. ఎందుకో కారణం రాయాలి. తను రాసేది నాకు కనపడదు, నేను రాసేది తనకి కనపడదు. ఒకరి మాట ఇంకొకరి మీద పడకూడదు చూడు. ఇద్దరికీ పొత్తు కుదరకపోతే తీర్పరి రెండూ చూసి తేలుస్తాడు."

"ఆ తీర్పరి ఎవరు?"

"ఇంకెవరు, ప్రొఫెసర్ గారే."

"మరి ఏదో ఏఐ కూడా పనిచేస్తుందన్నారు?"

"ఉందిలే. వ్యాసాలు వెతికి తెస్తుంది, వరస పెడుతుంది. చేతికింద మనిషి అనుకో." ఆయన ఫ్లాస్కు మూత తిప్పాడు. "కాఫీ తాగుతావా? ఈ గదిలో సాయంత్రం కాఫీ నా డ్యూటీయే."

పోసేటప్పుడు చూపుడువేలు కప్పు అంచు లోపలికి వంచి పెట్టాడు. కాఫీ వేలికి తగలగానే ఆపాడు. ఇదేం అలవాటు బాబూ అని డిటెక్టివ్‌కి లోపల చిరాకేసింది. అయినా పెద్దాయన ఆప్యాయంగా ఇస్తుంటే కాదనలేక తాగేశాడు.

బాబాయ్ బల్ల మీద చేత్తో తడిమి ఒక పాత పత్రిక తీశాడు. పసుపుబారిన అట్ట. "ఇదిగో, పాపం దీనికోసం ఎంత కలవరించిందో! కంప్యూటర్లో ఎక్కడా దొరకని వ్యాసం ఒకటి ఇందులో ఉంది. పుస్తకాల గోడౌన్ వెతికించి వెతికించి తెప్పించింది. ఆ సాయంత్రమే వచ్చింది. తీరా చదివితే ఏముంది, పనికిరాదు. ఆ దిగులే మనిషిని తినేసిందేమో."

తెర మీద ఆ వ్యాసం ఎదురుగా ఆరూ ముప్పావుకి రాసిన మాట ఉంది. "మొత్తం చదివాను. ఇంతోటి దానికి ఇన్నాళ్ళు నన్ను తిప్పించావా తండ్రీ! పిల్లల సంఖ్య మరీ తక్కువ. తీసెయ్." అది చదివి చెల్లెలు నవ్వింది. నవ్వుతూనే చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

బాబాయ్ మొహం కడుక్కోవడానికి లేచి వెళ్ళగానే ఆవిడ డిటెక్టివ్ వైపు వంగింది. "ఇంకో సంగతి సార్. ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. ఆ రోజు ఏడున్నరకి అక్క నాకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. పొద్దున ఏదో చిన్న మాటామాటా అనుకున్నాం. ఇంట్లో మనిషి కూడా ఉన్నారు. తర్వాత చేద్దాంలే అనుకున్నా. చేసేసరికి స్విచ్చాఫ్."

"ఊఁ."

"తను తొమ్మిదిన్నర దాకా చదువుతూనే ఉందని ఇందులో చూశాక కాస్త ఊపిరి పీల్చుకున్నాను. అంటే అది మామూలు ఫోనే కదా సార్? నన్ను రమ్మని చేసింది కాదు కదా? చావబోతూ నన్ను పిలిస్తే నేను..." చున్నీతో కళ్ళు తుడుచుకుంది. "రాత్రిళ్ళు ఫోన్ మోగినట్టే వినిపిస్తోంది సార్. లేచి చూస్తే ఏమీ ఉండదు. అది ఎందుకు చేసిందో తెలిసేదాకా నాకు నిద్ర పట్టదు."

 తెలియని సంగతికి ఓదార్పు చెప్పడం అతనికి చేతకాదు. "తెలుసుకుంటానమ్మా" అన్నాడు అంతే.

ఎప్పుడు తిరిగొచ్చాడో, తలుపు దగ్గరే నిలబడి ఉన్న బాబాయ్, "పదమ్మా, ఇంటి దగ్గర దిగబెడతాను. వారం నుంచి సరిగ్గా తిన్నదీ లేదు, పడుకున్నదీ లేదు" అన్నాడు. ఆవిడ భుజం మీద చెయ్యివేసి, అడుగులో అడుగు వేసుకుంటూ తీసుకెళ్ళాడు. సొంత బాబాయ్ అయినా ఇంతకంటే ఏం చూస్తాడు అనుకున్నాడు డిటెక్టివ్.

ఒంటరిగా మిగిలాక గది ఇంకా ఇరుకైపోయినట్టు అనిపించింది. తెర దానంతటది ఆరిపోయింది. నల్లటి అద్దంలో తన మొహం, వెనక ఊదారంగు స్వెట్టర్. చటుక్కున ఒక మీట నొక్కి మళ్ళీ వెలిగించాడు. భయపడ్డావట్రా అని తనను తానే తిట్టుకుని పత్రిక చేతిలోకి తీసుకున్నాడు.

ఆ వ్యాసం ఉన్న చోటు తెరవబోతే తెరుచుకోలేదు.

పుటలు అంటుకుపోయాయేమో అనుకున్నాడు. కాదు. పెద్ద కాగితాన్ని మడిచి కుట్టేసిన పాతకాలపు సంచిక అది. అలాంటి వాటిలో మడతలు అలాగే ఉండిపోతాయి, చదివేవాళ్ళే అంచులు కత్తితో కోసుకోవాలి. మిగతా వ్యాసాల అంచులు ఎప్పుడో ఎవరో కోసి ఉన్నారు. ఈ ఒక్క వ్యాసం మాత్రం మొదటి పుట నుంచి చివరిదాకా మడత విప్పకుండా ఉంది. అచ్చయిన రోజు నుంచి ఇప్పటిదాకా మనిషి కన్ను దాని మీద పడలేదు. బల్ల మీద కాగితాలు కోసే కొత్త కత్తి ఉంది. ఒర మీద ప్లాస్టిక్ కూడా ఊడలేదు.

"మొత్తం చదివాను" అంటోంది తెర.

డిటెక్టివ్ పత్రికని వెలుతురు వైపు తిప్పాడు. మడత పైభాగాన్ని కాస్త ఎత్తి, గొట్టంలోకి చూసినట్టు లోపలికి చూశాడు. పట్టికలో సగం కనిపించింది. పిల్లల వయసులు, ఇచ్చిన మందు, చివర ఒక నిలువు గడి. మత్తు వదిలి మళ్ళీ లేవని పిల్లలు. ఆ గడిలో అంకెలు ఖాళీ లేకుండా కిందికి దిగిపోతున్నాయి.

"ఏరా నత్తా! ఇంకా ఇక్కడే పాకుతున్నావా?"

తలుపులో ఇన్‌స్పెక్టర్. ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో ట్రైనింగయ్యారు. ప్రతిదీ నిదానంగా చూస్తాడని అప్పట్లో నత్త అని పేరు పెట్టిందీ ఇతనే. ఆ నత్త ఉద్యోగం వదిలేసి సొంతంగా మొదలుపెట్టాక, తను మూసేసిన కేసులు తిరగదోడుతుంటే ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్ళు మండుతుంది.

"సాయంత్రం ఫైలు మూసేస్తున్నా. సామాను సర్దుకో" అన్నాడు.

"స్కాలరమ్మ తొమ్మిదిన్నర దాకా బతికుందని నీకెవరు చెప్పార్రా?"

"కళ్ళు లేవా? అదిగో, తెర చెబుతోంది. తొమ్మిదిన్నర దాకా రాస్తూనే ఉంది. ఏడున్నరకి చెల్లెలికి ఫోన్ చేసింది. డాక్టరేమో ఆరు నుంచి పది మధ్యలో అన్నాడు. అంటే తొమ్మిదిన్నర తర్వాత మింగింది. ఆ టైముకి ప్రొఫెసర్ ఏదో సభలో దండలేయించుకుంటున్నాడు, ఆ ముసలాయన ఏడింటి నుంచి చెల్లెలి ఇంట్లోనే ఉన్నాడు. ఇంకెవరు చంపుతారు, దెయ్యమా?"

"దెయ్యమే రాసింది. ఇది చూడు." పత్రిక అతని ముందుకు తోశాడు డిటెక్టివ్. "పుటలు కోయకుండా మొత్తం చదివానని ఎలా రాసింది?"

ఇన్‌స్పెక్టర్ అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు. ఒక్క క్షణం తడబడ్డాడు గానీ ఓడిపోవడం అతని వంట్లో లేదు. "చదవకుండానే రాసి ఉంటుంది. నువ్వు ట్రైనింగులో రాయలేదూ, పరిగెత్తకుండానే పరిగెత్తానని?"

"రాశాను. కానీ నేను పరుగు కోసం కత్తి కొనుక్కోలేదురా. నెలల తరబడి వెతికించి తెప్పించుకుంది, కోసుకోవడానికి కొత్త కత్తి తెచ్చుకుంది, బల్ల ముందు కూర్చుంది. కత్తి ఒరలోంచి తీసేలోపే కాఫీ వచ్చింది. తర్వాత రాసింది ఆమె కాదు."

"అయితే అలిసిపోయి ఆ ఏఐకే అప్పజెప్పి ఉంటుంది. అది రాసింది. ఇదీ ఒక కేసేనా?"

అదీ నిజమే కావచ్చు. తేల్చగలిగేది ఒక్కరే. ప్రొఫెసర్‌ని కబురుపెట్టి పిలిపించారు. ఆయన లోపలికొచ్చి, స్వెట్టర్ వైపు చూడకుండా గోడ పక్కనే నిలబడ్డాడు.

"స్కాలరమ్మ తన బదులు ఏఐతో చదివించుకోవచ్చా సార్?" అడిగాడు డిటెక్టివ్.

"ససేమిరా కుదరదు. చదివేవాళ్ళకి ఆ వీలే ఇవ్వలేదు. ఇస్తే ఎవరు చదువుతారండీ? ఎవరైనా సెలవు పెట్టినప్పుడు మాత్రం తీర్పరి దాన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టొచ్చు. ఆ మనిషి అంతకుముందు రాసిన కారణాలన్నీ చదువుకుని, ఆ ధోరణిలోనే రాసుకుపోతుంది. వేళాకోళంతో సహా. ఒక్కోసారి వ్యాసం దొరక్కపోయినా, చదివేశానని ఏదో ఒక కారణం కల్పించేస్తుంది కూడా. జాబితా అయిపోగానే చదవాల్సింది ఇంకేం లేదని ఒక ముక్క రాసి ఆగిపోతుంది."

ఇన్‌స్పెక్టర్ మొహంలో నెత్తురుచుక్క లేదు. తను ఫైలులో మరణవాంగ్మూలం అని రాసుకున్న వాక్యం ఒక యంత్రం పని ముగించి చెప్పిన కబురు.

డిటెక్టివ్‌కి మాత్రం చెల్లెలి నవ్వు గుర్తొచ్చింది. ఇంతోటి దానికి ఇన్నాళ్ళు తిప్పించావా తండ్రీ! అక్క పోయాక అక్క గొంతుతో యంత్రం వేసిన ఛలోక్తి అది. దాన్ని పట్టుకునే ఆ పిల్ల వారం నుంచి బతుకుతోంది. ఈ సంగతి ఆవిడకి తనే చెప్పాలి. 

"తీర్పరి మీరే కదండీ ప్రొఫెసర్ గారూ?" ఇన్‌స్పెక్టర్ గొంతు మారింది.

"పేరుకి నేనే." ఆయన నేల చూపులు చూశాడు. "నాకు ఆ కంప్యూటరంటేనే పడదు బాబూ. పాస్‌వర్డ్ ఎప్పుడో బాబాయ్ చేతిలో పెట్టేశాను. అంతా ఆయనే చూసుకుంటాడు. తప్పే అనుకోండి. జోడీలో ఒకడి చేతికే తీర్పు కూడా ఇవ్వకూడదు. కానీ బాబాయ్ అంటే దేవుడండీ! చదివి చదివి ఆరోగ్యం కూడా పాడుచేసుకున్నాడు. ఈ మధ్య వరండాలో ఎదురుపడినా పలకరించడు. మనసు బాగాలేదేమో అనుకున్నా."

కప్పు లోపలికి వంచిన వేలు. బల్ల మీద తడుముకున్న చెయ్యి. చదవమ్మా, ఇంకో రెండు చదువు. భుజం మీద చెయ్యివేసి ఆయన చెల్లెల్ని నడిపించుకెళ్ళలేదు, చెల్లెలే ఆయన్ని నడిపించుకెళ్ళింది!

"మనసు కాదు సార్, కళ్ళు" అన్నాడు డిటెక్టివ్. "ఆయనకి చూపు పోతోంది. అక్షరం కనపడక ఎన్నాళ్ళయిందో! చదవడమే ఉద్యోగం, ఆ మాట బయటపెడితే ఇంటికి పొమ్మంటారు. అందుకే తీర్పరి హోదాలో ఏఐని తన కుర్చీలోనే కూర్చోబెట్టుకున్నాడు. ఆయన పేరుతో అదే చదువుతోంది. ఎవరికీ అనుమానం రాలేదు. ఇంతలో స్కాలరమ్మ ఈ పత్రిక తెచ్చింది. కంప్యూటర్లో లేదు. యంత్రం చదివిపెట్టలేదు. 'ఇది మీరూ చదవాలి బాబాయ్' అని చేతిలో పెట్టి ఉంటుంది పాపం. చదవలేనంటే గుట్టు బయటపడుతుంది, అందుకే కాఫీలో ఆమె మాత్రలే కలిపి, ఆమె కుర్చీలోనూ యంత్రాన్నే కూర్చోబెట్టాడు."

ప్రొఫెసర్ గోడకి చేరగిలబడ్డాడు.

"పుటలు కోయలేదని ఆయనకి తెలీదు. తెలిస్తే నా చేతికి ఇస్తాడా? దగ్గర పెట్టుకుని మరీ చూసుకోలేకపోయాడు."

"ఆగరా ఆగు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఎకసెక్కం ఎగిరిపోయింది గానీ పోలీసు బుర్ర ఒకచోట ఆగింది. "ఏడున్నరకి ఫోన్ చేసింది కదా ఆవిడ? అప్పుడు ముసలాయన చెల్లెలి ఇంట్లో, ఆవిడ ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. నేనే వాంగ్మూలం తీసుకున్నా."

"స్కాలరమ్మ ఫోన్ మీకు దొరికిందా?"

"లేదు. అదొక్కటే..." ఇన్‌స్పెక్టర్ చేతిలోని పత్రిక బల్ల మీద పెట్టేశాడు.

డిటెక్టివ్ అప్పటికే చెల్లెలికి ఫోన్ కలిపి స్పీకర్ మీద పెట్టాడు. మోగుతోంది. ఎత్తలేదు. మళ్ళీ కలిపాడు.  చివరికి ఎత్తింది.

"చెప్పండి సార్." గొంతు బరువుగా ఉంది.

"అమ్మా, ఒక్క మాట. ఆ రోజు అక్క ఫోన్ మోగినప్పుడు ఇంట్లో మనిషి ఉన్నారన్నావు. ఎవరమ్మా?"

"బాబాయే సార్. ఏం?"

"ఎత్తొద్దని నువ్వే అనుకున్నావా?"

 "ఎత్తబోయాను సార్. 'చదువుకుంటోందిలే తల్లీ, తర్వాత మాట్లాడుదువుగానిలే' అన్నారు బాబాయ్. అక్క పేరు నేను చెప్పకముందే అన్నారు. ఫోన్ నా చేతిలో ఉంటే ఎవరు చేశారో ఆయనకెలా..." ఆగింది. ఆవిడ శ్వాస ఇటు వినిపిస్తోంది. "సార్. అయితే ఆ ఫోన్ అక్క చేయలేదా?"

"లేదమ్మా. అప్పటికే అక్క నిద్రలోకి జారిపోయింది. ఆ ఫోన్ ఆయన జేబులోది."

"అక్క నన్ను పిలవలేదా?" ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "పిలిస్తే నేను పలక్కపోవడం కాదా సార్? నిజంగానా?"

"నిజం. నీ తప్పేం లేదు. ఇప్పుడు నా మాట జాగ్రత్తగా విను. ఆయన ఎక్కడున్నారు?"

"వంటింట్లో." గొంతు మరీ మెల్లగా, మత్తుగా వచ్చింది. "కాఫీ... కాఫీ కలిపి ఇచ్చారు సార్. తాగి పడుకోమన్నారు. సగం తాగేశాను."

"మిగతాది పారబొయ్! తలుపు తీసుకుని బయటికి పో తల్లీ, పక్కింటికి పో! వినపడుతోందా?"

 ఏదో కిందపడిన చప్పుడు. తర్వాత చేత్తో బల్లను తడుముతున్న అలికిడి, ఫోన్ ఎవరి చేతిలోకో మారింది.

"అమ్మాయి అలిసిపోయింది నాయనా" అన్నాడు బాబాయ్. అదే ఆప్యాయత, అదే నిదానం. "తర్వాత మాట్లాడుదువుగానిలే."

ఫోన్ కట్టయింది. ఇన్‌స్పెక్టర్ జీపు తాళాల కోసం జేబులు వెతుక్కునేలోపే, నత్త మెట్లన్నీ దిగిపోయాడు.